లెక్క రాసేదెవరు, సంతకం ఎవరిది?

సాహిత్య పత్రికలో జమాఖర్చుల ప్రసక్తి ఎందుకని మిత్రులు అడగవచ్చు. కాని ‘రైటర్’ అనే మాట మన దేశంలో అడుగుపెట్టింది కవిగా కాదు, గుమాస్తాగా. ఈస్టిండియా కంపెనీ కొలువులో అన్నిటికంటే కింది మెట్టు పేరు రైటర్. 1744లో మద్రాసు రేవులో దిగిన రాబర్ట్ క్లైవ్ అప్పటికి సేనాని కాదు, రైటరు మాత్రమే. సరుకు లెక్కపెట్టడం, చిట్టాలు రాయడం, ఉత్తరాలకు నకళ్లు తీయడం ఆ ఉద్యోగంలోని పని. మన పోలీసు స్టేషన్లలో ఆ పేరు ఇప్పటికీ బతికే ఉంది. (అక్కడి రైటర్లు సృష్టించే కల్పనా సాహిత్యం గురించి మరో వ్యాసం రాయవలసిందే.)

కంపెనీ వ్యాపారానికి రెండు కొసలు. ఈ కొసన రైటర్లు రాసిన లెక్కలు ఓడలెక్కి లండన్‌లో లెడెన్‌హాల్ వీధికి చేరేవి. ఆ కొసన వాటిని పద్దుల్లోకి ఎక్కించే గుమాస్తాల్లో ఒకడు చార్లెస్ లాంబ్. ఇంగ్లీషు వచన విద్యార్థులందరికీ తెలిసిన వ్యాసకర్త. 1792 నుంచి 1825 దాకా, ముప్పైమూడేళ్లు, ఆయన కంపెనీ లెక్కల శాఖలో పనిచేశాడు. మొదటి మూడేళ్లు జీతమే లేదు. భారతదేశం నుంచి, చైనా నుంచి వచ్చిన సరుకుల లెక్క ఆయన చేతిమీదుగా నడిచింది. తన వ్యాసాలకు ఆయన పెట్టుకున్న ‘ఈలియా’ అనే పేరు కూడా మరో వర్తక సంస్థలో పనిచేసిన ఒక గుమాస్తాదే. మన పాఠ్యపుస్తకాలు లాంబ్ హాస్యాన్ని మెచ్చుకుంటాయి, ఆ హాస్యం ఏ బల్ల దగ్గర పుట్టిందో చెప్పవు. ఆ బల్లమీద ఉన్నది మనదీ చైనాదీ శ్రమ అని అసలే చెప్పవు.

నేడు ఆ పద్దులు ఎదురు దిక్కున ప్రయాణిస్తున్నాయి. శ్రమ, సంపాదన అమెరికాలో. లెక్క రాయడం హైదరాబాదులో. దీన్ని చూసి చరిత్ర తిరగబడిందని సంబరపడేవాళ్లున్నారు. నాకలా తోచదు.

ఈ మార్పు ఒక్కరోజున రాలేదు. 1996లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన టిక్కెట్ల ఆదాయపు లెక్కలను బొంబాయికి తరలించింది. ఒక సంస్థ అమ్మిన టిక్కెట్టు మీద ప్రయాణికుడు మరొక సంస్థ విమానం ఎక్కుతాడు. ఎవరికి ఎంత చెందాలో ఒక్కొక్క చీటీ చూసి తేల్చాలి. కంటికీ ఓపికకూ పరీక్షపెట్టే ఆ చాకిరీయే మొదట ఓడ దిగింది. మరుసటి ఏడు జనరల్ ఎలక్ట్రిక్ గుర్‌గావ్‌లో తన కేంద్రం తెరిచింది. 1998లో మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పెద్ద ఆడిట్ సంస్థలు అక్కడికి వచ్చి చేరాయి. అమెరికా పన్ను పత్రాలు 2003లో పాతిక వేలు, 2004లో లక్ష భారతదేశంలో తయారయ్యాయని థామస్ ఫ్రీడ్‌మన్ 2005 నాటి తన పుస్తకంలో గర్వంగా రాశాడు. ఆయనకది చదునైన ప్రపంచం. చదును చేసిన కూలీల సంగతి ఆ పుస్తకంలో తక్కువ.

పని జరిగే తీరు గమనించదగ్గది. న్యూయార్కులో అకౌంటెంటు శీతకాలం సాయంత్రం ఆరింటికి కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించి ఇంటికి వెళ్తాడు. అప్పుడు మనకు తెల్లవారుజాము నాలుగున్నర. అతను మర్నాడు తొమ్మిదింటికి వచ్చేసరికి మనకు రాత్రి ఏడున్నర. అంటే అతని నిద్రలో మన పగలంతా ఇమిడిపోయింది. అతను పత్రాన్ని ఒకసారి చూసి సంతకం చేస్తాడు. చట్టం ముందు దాన్ని తయారుచేసినవాడు అతనే. ఇంటి గుట్టు సముద్రం దాటుతున్నదని పన్ను కట్టేవాడికి చెప్పి, అతని సమ్మతి తీసుకోవాలనే ప్రభుత్వ నిబంధన 2009 నుంచి అమల్లో ఉంది. ఆ సమ్మతి పత్రంలో కూడా ఇక్కడ రాసినవాడి పేరుండదు.

ఇక్కడే మన కరణాన్ని తలచుకోవాలి. కరణం రాసేవాడు, రైతు వేలిముద్ర వేసేవాడు. అడంగల్లులో ఒక గీతతో పొలం చేతులు మారేది. తెలంగాణలో పట్వారీదీ అదే కథ. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ ఉద్యోగాలను రద్దుచేసేదాకా లెక్క రాసే చేతికి ఊరు భయపడింది. అభ్యుదయ కథకులు ఆ చేతిని బాగానే పట్టుకున్నారు. నేటి గుమాస్తాకూ ఎదుటివాడి ఆస్తి, అప్పు, రోగం, సంసారం అన్నీ తెలుసు. కాని అతని కలానికి ఎవరూ భయపడరు. రాతా అధికారమూ విడిపోయాయి. ఆలోచన ఒకచోట, ఆచరణ మరొకచోట అయ్యే ఈ విభజన ఫ్యాక్టరీలో మొదలై ఆఫీసు బల్ల దాకా ఎలా వచ్చిందో హారీ బ్రేవర్‌మన్ 1974లోనే వివరించాడు. ఆయన చూడనిది ఆ రెండు గదుల మధ్య మహాసముద్రం ఉండడం.

ఇదంతా చవక జీతాల కోసమే అన్న వివరణ నిజమే కాని చాలదు. అమెరికాలో ఈ చదువుకు వచ్చేవాళ్లే తగ్గారు. లైసెన్సుకు మామూలు డిగ్రీపైన మరో ఏటి చదువు కావాలన్న నిబంధనను కొన్ని రాష్ట్రాలు ఈమధ్యనే సడలిస్తున్నాయి. మూడు లక్షల మందికి పైగా రెండేళ్లలో ఆ వృత్తి వదిలారని 2022 చివర అక్కడి పత్రికలు రాశాయి. అక్కడివాళ్లు విసిగి వదిలేసిన పని ఇక్కడ వరంగా కనిపిస్తోంది.

వీళ్లను ‘సైబర్ కూలీలు’ అని తీసిపారేసే మన మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక నేతపనివారి అమ్మాయి ఈ ఉద్యోగంతోనే ఇంటి అప్పు తీర్చింది. ఆ జీతం ఆ కుటుంబానికి అవమానం కాదు. సంక్రాంతికి వచ్చినప్పుడు, ఊరూ పేరూ చెప్పకుండా, ఒక సంగతి చెప్పింది: “మాస్టారూ, పోయిన ఏడు మొగుడూ పెళ్లాం కలిసి వేసిన పత్రం ఈ ఏడు రెండుగా వచ్చిందండీ. పిల్లాడు ఎవరి కాగితంలో ఉన్నాడా అని ముందు అదే చూశాను.” పిల్లవాడు తల్లి కాగితంలో ఉన్నాడట. తండ్రి ఆసుపత్రి ఖర్చులు బాగా పెరిగాయట. ఆమె ఆ రెండు పత్రాలూ పూర్తిచేసి పై అధికారికి పంపింది.

ఇంత మానవ సామగ్రి రోజూ ఎవరి కళ్లముందు నడుస్తున్నదో వాళ్లు రాయరు, రాయకూడదని హామీ ఇచ్చారు. రాయగలిగిన మనం ఆ మెట్లు ఎక్కి చూడం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మన కథల్లోకి వచ్చాడు, లెక్కల గుమాస్తాకు మాత్రం నేను చదివినంతలో చోటు దొరకలేదు. ఈలోగా అమెరికా లైసెన్సు పరీక్షకు 2020 నుంచి హైదరాబాదులోనే కేంద్రం పెట్టారు. కాగితం మీది అంకెలను చదివి గళ్లలో నింపే పనిని యంత్రాలు నేర్చుకుంటున్నాయి. మా అమ్మాయి బల్లమీదికి ఇప్పుడు సగం నింపిన పత్రాలే వస్తున్నాయట, తప్పులు పట్టడానికి.