రెండు ధర్మముల నడుమ పోచంపల్లి



ధర్మమునకు అధర్మము ఎదురైనప్పుడు త్రోవ తెలియుట కష్టము కాదు. ధర్మమునకు మరియొక ధర్మమే అడ్డు నిలిచినప్పుడు పెద్దలకు అసలైన పరీక్ష. అట్టి పరీక్ష 1951లో నల్లగొండ జిల్లా పోచంపల్లి గ్రామమునకు వచ్చినది.

ఆనాటి తెలంగాణమును స్మరింతము. 1946లో ఆరంభమైన సాయుధ రైతాంగ పోరాటము ఇంకను ముగియలేదు. దున్నువానికి భూమి కావలెనను ఆర్తి ఒకవైపు, పిత్రార్జితమును నిలుపుకొను హక్కు మరియొకవైపు. ఆకలి తీర్చుట ధర్మమే. రక్తపాతము కూడదనుటయు ధర్మమే. ఈ రెంటి నడుమ పల్లెలు నలిగిపోవుచుండెను.

ఆ ఏప్రిల్ మాసమున హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగినది. ఆచార్య వినోబా భావే వార్ధా సమీపమునగల పౌనారు ఆశ్రమమునుండి దానికి కాలినడకన వచ్చిరి. సమ్మేళనము ముగిసిన పిదప, శ్రీరామనవమినాడు, చెరసాలలోనున్న కమ్యూనిస్టులను కలిసికొని పల్లెలకు బయలుదేరిరి.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. నాడు హరిజనులని పిలువబడిన 40 కుటుంబములవారు, తమకు 80 ఎకరముల భూమి లభించినచో కష్టించి బ్రతుకుదుమని విన్నవించుకొనిరి. ప్రభుత్వమునకు తెలియజేయుదమని వినోబా మొదట తలచిరి. పిదప గ్రామస్థులవైపు తిరిగి, ఈ సోదరులకు మీలో ఎవరైనను తోడ్పడగలరా యని అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తునని ప్రకటించిరి. భూదానోద్యమమునకు బీజము అదియే.

ఇచ్చట మనము గమనింపవలసిన దేమి? వినోబా భూస్వామిని పాపియనలేదు, పేదను అసూయాపరుడనలేదు. ఊరి కష్టమును ఊరి ఎదుటనే నిలిపి, ఊరినే ప్రశ్నించిరి. దానమనగా యథాశక్తి పంచుకొనుటయని ఆదిశంకరులు చెప్పిన అర్థమును ఆయన ప్రజలకు బోధించిరి. ఐదుగురు పుత్రులున్నవారు దరిద్రనారాయణుని ఆరవ పుత్రునిగా తలచి, అతని భాగము ఈయవలెననిరి. భాగము పొందువాడు యాచకుడు కాడు. ఇచ్చువాడు గర్వింపవలసిన పనియు లేదు. ఇరుపక్షముల గౌరవమును నిలిపిన మాట అది. ఆ తెలంగాణ యాత్రలోనే 12 వేల ఎకరములకు పైగా భూమి దానముగా లభించినది.

అయితే సత్యమును దాచరాదు. తరువాతి కాలమున దేశమంతట లభించిన భూమిలో కొంత సేద్యమునకు పనికిరానిదై, కొంత వ్యాజ్యములలో చిక్కుకొని, కొంత పంపిణీయే కాక నిలిచిపోయినది. 1965లో ఆంధ్రప్రదేశమున భూదాన, గ్రామదాన చట్టము వచ్చినను చిక్కులన్నియు తీరలేదు. మన దానవిధిలో సంకల్పము చెప్పినంతమాత్రమున దానము పూర్తికాదు. గ్రహీత చేతిలో ధార పడవలెను. సభలో మ్రోగిన చప్పట్లు సంకల్పము వంటివి. పట్టా చేతికివచ్చి, పొలములో నాగలి సాగిననాడే ధార పడినట్లు.

చెరువు నీటి వంతు కానిండు, దేవుని మాన్యపు కౌలు కానిండు, నేడును మన గ్రామములందు రెండు న్యాయములు ఎదురెదురుగా నిలుచుచునే యున్నవి. అట్టివేళ పెద్దరికము వహించువాడు లేనివాని మాట ముందు వినవలెను; ఉన్నవానిని అవమానింపక అడుగవలెను; ఇచ్చిన మాట చివరి ఇంటి గడప చేరువరకు వెంట నడువవలెను. మొదటి రెండును పోచంపల్లి చూపిన వెలుగు. మూడవది ఆ పిదప చరిత్ర చేసిన హెచ్చరిక.

స్వస్తి.