పక్కింటి టెస్ట్ మనింటికి పనికిరాదు: రాడాన్ కథ

నాది బత్తలపల్లి అని మీకు తెలుసు. ఈరోజు కథ మాత్రం అమెరికాలో, పెన్సిల్వేనియాలో మొదలవుతుంది. మా పెద్దనాయన కొడుకు అక్కడ ఇల్లు కొంటున్నాడు. పోయిన చలికాలంలో ఒకరోజు రాత్రి ఫోన్ చేసినాడు. "ఒరే, ఇల్లు బాగుంది, రేటూ కుదిరింది. ఇప్పుడు రాడాన్ టెస్ట్ అంట. పక్కింటాయన చేయిస్తే తక్కువే వచ్చిందంట. ఇంగ మనకెందుకురా? ఈ ఇంటి కోసం ఇంకా ఇద్దరు కాచుకొని ఉండారు."

నేను చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్. ఈ విషయంలో నాకూ ఏమీ తెలీదు. "రెండు రోజులు టైమివ్వన్నా" అని చెప్పి చదవడం మొదలుపెట్టినా. అన్న అడిగిన పక్కింటి ప్రశ్నకు 1984లోనే జవాబు వచ్చేసిందని అప్పుడు తెలిసింది. అది కూడా అదే రాష్ట్రంలో.

స్టాన్లీ వాట్రాస్ అని ఒక ఇంజినీరు. లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పని. ఒంటిమీద రేడియేషన్ అంటుకుందేమో చూసే గేట్లు అక్కడ కొత్తగా పెట్టారు. 1984 డిసెంబర్‌లో ఈయన ఆ గేటు దాటితే చాలు, అలారం మోగేది. ఆయన పనిచేసే చోట రియాక్టర్ ఇంకా మొదలే కాలేదు, మరి రేడియేషన్ ఎక్కడిది? ఒకరోజు పొద్దున లోపలికి పోయీ పోగానే, పనిలోకి దిగకుండా, వెనక్కి తిరిగి అదే గేటులోంచి వచ్చినాడు. అప్పుడూ మోగింది! అంటే ప్లాంటు నుంచి ఇంటికి తీసుకుపోవడం లేదు, ఇంటి నుంచే ప్లాంటుకు తెస్తున్నాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్నే డీబగ్గింగ్ అంటారు. నాకు తెలిసి ఇంతకంటే చక్కగా ఎవరూ చెయ్యలేదు.

ఆయన ఇంట్లో గాలి కొలిచారు. లీటరుకు 2,700 పికోక్యూరీలు. ఆ తర్వాత అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన హద్దు 4. అంటే దాదాపు 675 రెట్లు. పిల్లలతో సహా ఇల్లు ఖాళీ చేసి పోయారు. అయితే నేను అన్నకు చెప్పాలనుకున్నది ఆ అంకె కాదు. అంత రాడాన్ ఉన్న ఇంటికి పక్కనే ఉన్న ఇంట్లో ఆ సమస్య లేదు.

ఎందుకు? రాడాన్ మట్టిలోంచి, రాతిలోంచి వచ్చే వాయువు. రంగు లేదు, వాసన లేదు. యురేనియం మెల్లగా క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియంలోంచి రాడాన్ పుడుతుంది. గ్రానైట్‌లో యురేనియం కొంచెం ఎప్పుడూ ఉంటుంది. వాట్రాస్ ఇల్లు ఉన్నది రీడింగ్ ప్రాంగ్ అనే పాత రాతి పట్టీ మీద. ఆ పట్టీ న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ దాకా పోతుంది. రాయిలో యురేనియం ఎక్కడ ఎక్కువ, పునాదిలో చీలిక ఎక్కడ ఉంది, ఇంట్లో గాలి ఎట్లా తిరుగుతుంది అనేదాన్ని బట్టి ఇంటింటికీ లెక్క మారిపోతుంది.

ఇది ఇళ్ళకంటే ముందు గనుల్లో మనుషుల్ని తినేసింది. జర్మనీలోని ష్నీబర్గ్ గని కూలీలు ఊపిరితిత్తుల జబ్బుతో చచ్చిపోయేవాళ్ళు. అది క్యాన్సర్ అని 1879లో ఇద్దరు డాక్టర్లు రాశారు. రాడాన్‌ను డోర్న్ అనే శాస్త్రవేత్త గుర్తించింది 1900లో. కారణం అదేనని తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అమెరికాలో ఏడాదికి సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులకు రాడాన్ కారణమని ఈపీఏ అంచనా. సిగరెట్ తాగేవాళ్ళకైతే ముప్పు ఇంకా ఎక్కువ.

అన్నతో ఇంకో చిక్కు వచ్చింది. "బేస్‌మెంట్‌లో పెడతారంటరా ఆ డబ్బా" అన్నాడు. మన దగ్గర బేస్‌మెంట్ అంటే నేలమీద ఎత్తు చేసి కట్టేది కదా! అక్కడ అది నేల కింద గది. చలికాలంలో కిటికీలు మూసి హీటర్ పెడితే వేడిగాలి పైకి పోతుంది, కిందినుంచి మట్టిలోని గాలిని లాక్కుంటుంది. అందుకే ఇంట్లో మనుషులు వాడే అన్నిటికంటే కింది గదిలో పెడతారు. కిటికీలు 12 గంటల ముందే మూసి, కనీసం 48 గంటలు కొలుస్తారు. ఆ రెండు రోజుల్లో ఎవరైనా గాలికని కిటికీ తీశారా, టెస్ట్ పోయినట్టే.

మా తాత కట్టిన మిద్దెకు పైన గవాక్షి ఉండేది. ఎండాకాలం అంతా బయట మంచాలే. ఆ ఇంట్లో గాలి నిలిచేదే కాదు. ఇప్పుడు మన ఊర్లోనూ ఏసీ పెట్టి అన్నీ మూసేస్తున్నాం. మన గుట్టలూ గ్రానైటే. పక్క కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గనే ఉంది. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు వైపు ఇళ్ళలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు రాడాన్ కొలిచారు కూడా. కానీ ధర్మవరంలో ప్లాటు కొనేటప్పుడు నీళ్ళు పడతాయా అని అడుగుతాం గానీ, ఈ మాట అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అన్న టెస్ట్ చేయించినాడు. 9 దాటింది. "ఇల్లు వదిలేద్దామా?" అని భయపడినాడు. వదలాల్సిన పని లేదన్నా. వాట్రాస్ ఇంటినే బాగు చేశారు, 1985లో ఆ కుటుంబం మళ్ళీ ఆ ఇంట్లోకే పోయింది. చేసేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. గచ్చుకు రంధ్రం వేసి కింద కంకరలోకి ఒక గొట్టం దింపుతారు, ఫ్యాన్ పెట్టి ఆ గాలిని పీల్చి ఇంటికప్పు పైకి వదిలేస్తారు, చీలికలు పూడుస్తారు. ఖర్చు సాధారణంగా ఒకటి రెండు వేల డాలర్లు. సంతకాలకు ముందే తెలిసింది కాబట్టి ఆ ఖర్చు గురించి అమ్మేవాడితో మాట్లాడే వీలు దొరికింది. సగం ఆయనే పెట్టుకున్నాడు. గొట్టానికి రంగునీళ్ళున్న ఒక చిన్న యు ఆకారం ట్యూబు ఉంటుంది. రెండు వైపులా నీళ్ళు సమానంగా ఉన్నాయంటే ఫ్యాన్ ఆగిపోయిందని అర్థం. అన్న రోజూ పళ్ళు తోముకుంటా దాన్ని చూస్తాడంట.

మళ్ళీ కొలిస్తే 2 లోపలికి దిగింది. గృహప్రవేశం వీడియో కాల్‌లో మా పెద్దమ్మ అన్నీ చూసి అడిగిన మొదటి మాట: "గోడకు ఆ గొట్టమేంది నాయనా, కట్టెల పొయ్యి పెట్టినారా?"