మలేరియా చికిత్సలో జ్వర నియంత్రణ (చిన్నపిల్లలు)

మలేరియా లేదా చలిజ్వరం ప్లాస్మోడియం అనే పరాన్నజీవి వలన కలిగే వ్యాధి. దోమకు, ఈ వ్యాధికి గల సంబంధాన్ని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నాడు. నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలు ఉన్న దక్కను పీఠభూమి గ్రామాలలో దీని ప్రధాన వాహకం ఎనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమ.

జ్వరానికి కారణం

ఎర్ర రక్తకణాలు పగిలి పరాన్నజీవులు వెలువడినపుడు రక్షక కణాలు టి.ఎన్.ఎఫ్. వంటి సైటోకైన్లను విడుదల చేస్తాయి. వీటి ప్రభావం వలన మెదడులోని హైపోథాలమస్ శరీర ఉష్ణోగ్రతను పెంచుతుంది. కనుక జ్వరం వ్యాధి లక్షణమే కాక, రోగనిరోధక ప్రతిస్పందనలో ఒక భాగం.

పారాసిటమాల్ ప్రభావం

పారాసిటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది కాని పరాన్నజీవిని చంపదు. గబాన్ దేశంలోని లాంబరేనేలో 50 మంది పిల్లలపై జరిగిన ఒక పరిశోధన 1997లో ప్రచురితమైంది. పిల్లలందరికీ క్వినైన్ ఇచ్చారు. దానితో పాటు పారాసిటమాల్ పొందినవారి రక్తం నుండి పరాన్నజీవులు తొలగడానికి సగటున 75 గంటలు పట్టింది. తడిగుడ్డతో తుడవడం, విసరడం వంటి పద్ధతులు మాత్రమే పాటించినవారికి 59 గంటలు పట్టింది. టి.ఎన్.ఎఫ్. ఉత్పత్తి తగ్గడం ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. అయితే ఇది చిన్న అధ్యయనం. తీవ్ర జ్వరం వలన పిల్లలకు వాంతులు, మూర్ఛ కలుగవచ్చు గనుక 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినపుడు జ్వరం తగ్గించే మందు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

జాగ్రత్తలు

వైవాక్స్ మలేరియాలో జ్వరం సాధారణంగా 48 గంటలకొకసారి తిరగబెడుతుంది. అందువలన జ్వరం దిగడం వ్యాధి నయమైనట్లు కాదు. రక్తపరీక్ష చేయించి, వైద్యులు సూచించిన మలేరియా మందులను పూర్తిగా వాడాలి.