కొండల కులగోత్రములు

మనదేశమున మనుష్యుని కులగోత్రము లడుగనివా రరుదు. కొండ కులగోత్రము లడుగువా రంతకంటె నరుదు. మొదటి ప్రశ్నవలన లోకమునకు గలిగిన మేలు చెప్పుట కష్టము. రెండవ ప్రశ్నవలన మాత్రము మనము నివసించు నేల యెట్లు పుట్టినదో తెలియుచున్నది. మన బాలురు బడిలో వెసూవియస్, ఫుజి, క్రకటోవా మున్నగు పేరులను వల్లించుదురు. కాని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు తాము నిత్యము చూచు గుట్ట యెట్లు పుట్టినదని యడిగిన మౌనము వహింతురు. అగ్నిపర్వతమనునది పరదేశపు వింతయనియు, మన కొండలకు నిప్పుతో సంబంధము లేదనియు వారి నమ్మకము. ఈ నమ్మకము నిలువదగినది కాదు.

అగ్నిపర్వతపంక్తు లెట్లు పుట్టునో ముందు తెలిసికొందము. భూమి పైపొర యొకే పెంకు గాదు. పెద్దవియు జిన్నవియునగు ఫలకములుగా బగిలియున్నది. ఇవి యేటికి గొలది యంగుళముల చొప్పున మెల్లగా కదలుచుండును. ఖండములు కదలినవని 1912లో జర్మనీ దేశస్థుడగు వెగెనర్ చెప్పినప్పుడు పండితులు పలువురు పరిహసించిరి. సముద్రగర్భమును పరిశోధించిన పిమ్మట, 1960 తరువాతనే, ఫలకముల చలనము శాస్త్రలోకమున స్థిరపడినది.

సముద్రపు ఫలకము మఱియొక ఫలకమును దాకినచోట, రెండింటిలో బరువైనది క్రిందికి వంగి భూగర్భమున దిగిపోవును. అది సుమారు 100 కిలోమీటర్ల లోతునకు జేరునప్పటికి, దాని రాళ్ళలో నిమిడియున్న నీరు వేడిమికి వెలువడి పైనున్న శిలలో ప్రవేశించును. నీరు చేరిన శిల, పొడిశిలకంటె దక్కువ వేడిమికే కరగును. మంచుగడ్డపై నుప్పు చల్లిన నది త్వరగా గరగుటవంటిదే యిది. నిప్పు నార్పునదిగా మన మెఱిగిన నీరే యిచట నిప్పుకొండలకు కారణమగుచున్నది! కరగిన శిల చుట్టుపట్టులకంటె దేలికయగుటచే బైకి లేచి, పగుళ్ళగుండ వెలువడి, పొరమీద పొరగా బేరుకొనును. దిగిపోవు ఫలకపు టంచు పొడవునను నిట్లే జరుగును గనుక, నీ పర్వతము లొంటరిగా గాక బారులు తీరి పుట్టును.

పసిఫిక్ మహాసముద్రముచుట్టు నిట్టి బారులు హారమువలె నమరియున్నవి. దక్షిణామెరికాలో సుమారు 7,000 కిలోమీటర్ల పొడవుగల యాండీస్ శ్రేణియందు 6,893 మీటర్ల యెత్తుగల ఓహోస్ డెల్ సలాదో, అగ్నిపర్వతము లన్నింటిలో నున్నతమైనది. జపాను, ఫిలిప్పీన్సు దీవు లీ హారములోనివే. సుమాత్రా, జావాల వరుసయు నిట్లే పుట్టినది. 1815లో తంబోరా, 1883లో క్రకటోవా ప్రేలి వేలకొలది జనులను బలిగొన్న దీ వరుసయందే. దాని కొనసాగింపే యండమాను సముద్రములోని బ్యారెన్ దీవి. 1787లో దీని విస్ఫోటనము మొదటిసారి గ్రంథస్థమైనది. నూటయేబది యేండ్లకు పైగా నిదురించి 1991లో మరల మేల్కొన్నది. భారతదేశమున నేడు సజీవమైన యగ్నిపర్వత మిదియే. ఇవిగాక, ఫలకములు విడిపోవుచోట ఐస్‌లాండునందును, భూగర్భమునుండి యొకేచోట వేడి యెగదన్నుటచే హవాయి, రీయూనియన్ దీవులందును నిప్పుకొండలు గలవు.

అయితే ప్రతి మహాపర్వతమును నిప్పువలన బుట్టినది గాదు. హిమాలయములు రెండు ఖండములు ఢీకొనుటచే ముడుతలుపడి లేచినవి. కావున నాకారమును బట్టిగాని, యెత్తును బట్టిగాని, పేరును బట్టిగాని కొండ పుట్టుకను నిర్ణయింపరాదు, రాతినే యడుగవలెను. ఈ న్యాయమును మన ప్రాంతమునకు వర్తింపజేసి చూతము.

వనపర్తి చుట్టుపట్ల పానగల్లు, ఘనపురము కోటలను మోయు గుట్టలు గ్రానైటురాతివి. ఇదియు నొకప్పుడు కరగిన శిలయే. కాని వెలికి రాలేదు. భూమిలోతున నెంతోకాలము మెల్లగా జల్లారుటచే దానిలో కంటికి కనబడునంతటి రవ్వలు కట్టినవి. సుమారు 250 కోట్ల యేండ్లనాటి యీ శిలపైనున్న కప్పు వానకును గాలికిని గొట్టుకొనిపోగా నిది బయల్పడినది. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లను జూచి జనులు రాక్షసులు పేర్చిరందురు. పేర్చినవి యెండయు వానయు మాత్రమే. ఈ గ్రానైటును జీల్చుకొని తిన్నని గోడలవలె బోవు నల్లరాతి పట్టెలు పాలమూరు సీమయం దనేకము గలవు. పగుళ్ళలోనికి గరగిన శిల యెక్కి గట్టిపడుటచే నివి యేర్పడినవి. వీనిలో గొన్నింటికి సుమారు 220 కోట్ల యేండ్ల వయస్సున్నదని తేలినది.

విద్వద్గద్వాలయని పేరొందిన గద్వాలయొద్ద కథ మఱింత విచిత్రము. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో, గ్రానైటునడుమ నాకుపచ్చని ఛాయగల శిలల సన్ననిపట్టీ యొకటి గలదు. ఇది తుంగభద్రను దాటి కర్నూలు జిల్లాలోని వెల్దుర్తివైపునకు సాగిపోవును. ఈ జాతి శిలలకు 19వ శతాబ్దమున భూశాస్త్రజ్ఞుడు బ్రూస్ ఫుట్ ధార్వాడశిలలని పేరిడెను. ఇవి 250 కోట్ల యేండ్లకు బూర్వము ప్రవహించిన లావా; పిదప నొత్తిడికిని వేడిమికిని లోనై రూపుమాఱినవి. 2005లో హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వీనిలో బోనినైటు అను నరుదైన రాతి నుండుట ప్రకటించిరి. జపానుకు దక్షిణముననున్న బోనిన్ దీవులవలన నా రాతి కా పేరు వచ్చినది. సముద్రఫలకము దిగిపోవుచోట లేచు ద్వీపపంక్తులయం దిట్టి రాయి పుట్టుచుండును. కాబట్టి నేడు ప్రత్తియు వేరుసెనగయు బండు గద్వాల నేల యొకనాడు నడిసముద్రమున బొగలు గ్రక్కు దీవులవరుసయై యుండెనని వారి యూహ. అంత ప్రాచీనకాలమున ఫలకములు నేటివలెనే దిగిపోవుచుండెనా యను విషయమున శాస్త్రజ్ఞులలో వాదము గలదు. అవి లావాశిలలనుటలో మాత్రము వాదము లేదు. చిత్రమేమన, నిజముగా నిప్పు గ్రక్కిన యీ శిలలు నేడు పెద్దకొండలై కనబడవు. కాల మా శిఖరముల నరుగదీసి నేలమట్టము చేసినది.

ఇక నాగర్‌కర్నూలు జిల్లాలోని యమరాబాదు వైపునకు బోయిన నల్లమల యెదురగును. పేరు విని నల్లని లావాకొండలని భ్రమపడుట సులభము. కాని యచటి రాయి యిసుక. పురాతనజలాశయముల యడుగున పొరలుపొరలుగా బడిన యిసుకయు బురదయు గట్టిపడి కొండలైనవి. తూర్పుదిక్కున నవి ముడుతలును బడినవి. 1872లో విలియం కింగ్ అను భూశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గుఱించి వ్రాసిన గ్రంథమున నీ పొరల క్రమము వివరింపబడినది. నీరుపేర్చిన కొండ యెత్తుగా నిలిచినది. నిప్పుపేర్చిన కొండ మన్నైనది.

అట్లని లావాపర్వతశ్రేణితో మనకు సంబంధము తెగిపోలేదు. కృష్ణానది పుట్టిన మహాబలేశ్వరము కేవలము లావాపొరల కొండ. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లక్రిందట దక్కనునందు నేల పగిలి లావా పలుమాఱులు పొంగి పొరలెను. అది నేడును దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లమేర నిలిచియున్నది. సహ్యాద్రియం దా పొరల మందము రెండు కిలోమీటర్లకు మించును. ఆ కొండల మన్నును మోసికొని వచ్చు నీరే జూరాలయొద్ద మన పొలములకు బాఱుచున్నది. రాజమహేంద్రవరము దగ్గఱ కాతేరు, పంగిడి ప్రాంతములందలి నల్లరాతికిని మహాబలేశ్వరపు రాతికిని గుణసామ్యము గలదు. దీనినిబట్టి యా లావా పురాతనపు నదీలోయలవెంట సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి తూర్పుతీరము చేరెనని పలువురి యభిప్రాయము.

ఆ నిప్పు పూర్తిగా నాఱలేదు. భారతఫలక ముత్తరమునకు జరుగుచుండగా, భూగర్భములోని యా వేడితావు వెనుకనే నిలిచి మాల్దీవుల పునాదిని, పిదప మారిషస్‌ను, తుదకు రీయూనియన్‌ను బుట్టించినది. 19వ శతాబ్దమున తెలుగు కూలీలు తూర్పుతీరపు రేవులనుండి మారిషస్ చేరి, చెఱకుతోటలకొఱకు పొలములలోని నల్లరాళ్ళ నేఱి కుప్పలు వేసిరి. పరాయినేల యని వారు కన్నీరు గార్చిన యా దీవి, మన కృష్ణమ్మ పుట్టినకొండకు సహోదరియే యని వారికి జెప్పువారు లేకపోయిరి.

ఇట్టి విషయములు చెప్పగానే మన పెద్దలలో గొంద ఱిదియంతయు మన పూర్వు లెఱిగినదేయనియు, సముద్రమున మండు బడబాగ్నియనగా నిదియే యనియు ననుట కలదు. బడబాగ్ని రమణీయమైన కవికల్పన. సంస్కృతకావ్యములు చదివినవా రెవ్వరును దానిని తక్కువచేయరు. కాని యెవరును గొలిచి చూడని దానిని శాస్త్రమనుట పూర్వులకు గౌరవము గాదు. వారు చేయని పనిని వారికంటగట్టుట మాత్రమే. భూకంపము వచ్చినప్పు డాదిశేషుడు తల మార్చుకొనెనని చెప్పి బిడ్డను నిదురపుచ్చవచ్చును. మఱునా డా బిడ్డకు నిజము చెప్పకపోవుట మాత్రము తప్పు.

దీనికి గొప్పసాధనము లక్కఱలేదు. ఇంటిలోని తల్లిదండ్రులు సెలవునాడు పిల్లలను గుట్టకు గొనిపోయి, రాతిలో రవ్వలున్నవా, పొరలున్నవా, నల్లని పట్టె యడ్డముగా బోవుచున్నదా యని చూపిన చాలును. చూచి, పోల్చి, కారణమడిగి, పిమ్మట నమ్ము నలవాటు రాతియొద్ద నేర్చినవాడు మనుష్యులయొద్దను దానిని మఱవడు. పుట్టుకను బట్టి కొండ యెత్తే తెలియనప్పుడు, పుట్టుకను బట్టి మనుష్యుని యెత్తు నిర్ణయించుట యెంతటి యవివేకమో వానికి వేఱుగ బోధింప నవసర ముండదు.