1894లో ఇచ్చిన మూడు లెక్కలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు మాస్టారూ, మీరు లెక్కల మీద రాయండి" అన్నారు. లెక్కల మీద రాస్తే ఎవరు చదువుతారని అడిగాను. "మీ చేత చెవి మెలి పెట్టించుకున్నవాళ్ళంతా చదువుతారు" అన్నారాయన. ఈ బడిలోనే చదువుకుని, చివరికి ఈ బడిలోనే లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ మాట కాదనలేకపోయాను.

నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా లెక్కల మాస్టారు ప్రతి సోమవారం నల్లబల్ల కుడి మూలన సుద్దతో ఒక గడి గీసి, అందులో ఒక లెక్క రాసేవారు. శనివారం దాకా దాన్ని ఎవరూ చెరపకూడదు. అది పాఠ్యపుస్తకంలో ఉండేది కాదు, దానికి మార్కులూ ఉండేవి కావు. ఆ గడిలో చూసిన ఒక లెక్క చాలా ఏళ్ళ తరువాత, నేను టీచరునయ్యాక, ఒక పుస్తకంలో కనబడింది. హంగేరీ దేశపు పోటీ లెక్కల పుస్తకం అది. 1963లో అమెరికాలో ఇంగ్లీషులో వచ్చింది. నా లెక్క అందులో మొట్టమొదటిది. కింద సంవత్సరం 1894 అని ఉంది. ఈ వ్యాసం ఆ పుస్తకం చూపించిన దారిలో రాస్తున్నదే.

లెక్క ఇదీ. రెండు పూర్ణసంఖ్యలు తీసుకోండి. మన భాస్కరుడు తెలియని రాశిని 'యా' అని, రెండో దాన్ని 'కా' అని రాసేవాడు. యావత్ తావత్, కాలక అనే మాటలకు అవి పొట్టిపేర్లు. నేనూ ఇంగ్లీషు అక్షరాల బదులు య, క అని రాస్తాను. 2య + 3క అనే సంఖ్య 17తో నిశ్శేషంగా భాగింపబడితే 9య + 5క కూడా భాగింపబడుతుందనీ, రెండోది భాగింపబడితే మొదటిదీ భాగింపబడుతుందనీ నిరూపించాలి.

య 1, క 5 అనుకుంటే మొదటిది 17, రెండోది 34. య 7, క 1 అయితే 17, 68. ఇలా ఎన్నిసార్లు సరిపోయినా అది నిరూపణ కాదు. మొదటిదాన్ని నాలుగు రెట్లు చేసి రెండోదానికి కలపండి. 8య + 12క, 9య + 5క కలిస్తే 17య + 17క వస్తుంది. మొత్తం 17తో పోతుంది కాబట్టి రెండు భాగాల్లో ఒకటి పోతే రెండోదీ పోవాలి. 4కీ 17కీ ఉమ్మడి కారణాంకం లేదు కనుక నాలుగు రెట్లు 17తో పోతే అసలు సంఖ్య కూడా పోతుంది. అంతే. ఆ 'నాలుగు' తట్టడానికి నాకు గురువారం దాకా పట్టింది.

ఆ ఏడు హంగేరీలో ఏం జరిగిందంటే, భౌతిక శాస్త్రవేత్త లోరాండ్ ఎట్వెష్ దేశానికి విద్యామంత్రి అయ్యాడు. ఆయన అప్పటికే అక్కడి గణిత, భౌతిక శాస్త్ర సంఘానికి అధ్యక్షుడు. సన్మానానికి శాలువా కప్పడం, పూలదండ వేయడం మనకు తెలిసిన పద్ధతి. ఆ సంఘం వాళ్ళు ఆయన గౌరవార్థం ఒక పరీక్ష పెట్టారు. హైస్కూలు అప్పుడే ముగించిన పిల్లలకు మూడు లెక్కలు, నాలుగు గంటలు. పుస్తకాలు తెచ్చుకోవచ్చు, చూసుకోవచ్చు. పుస్తకం చూసి రాయగలిగిన లెక్క ఇవ్వడం వాళ్ళ ఉద్దేశం కాదు కాబట్టి దానివల్ల ఇబ్బంది లేదు.

రెండో లెక్క రేఖాగణితం. ఒక వృత్తం, రెండు బిందువులు ఇచ్చి, ఆ వృత్తంలో ఇమిడే లంబకోణ త్రిభుజాన్ని గీయమన్నారు. లంబకోణాన్ని కలిగిన రెండు భుజాలూ చెరొక బిందువు గుండా పోవాలి. అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని మనమంతా తొమ్మిదో పదో తరగతిలో బట్టీ పట్టినదే. ఇచ్చిన రెండు బిందువులనూ కలిపే రేఖను వ్యాసంగా తీసుకుని ఇంకో వృత్తం గీస్తే, రెండు వృత్తాలూ ఖండించుకునే చోట లంబకోణం కూర్చుంటుంది. మూడోది బీజగణితం. త్రిభుజం భుజాలు అంకశ్రేఢిలో ఉన్నాయి, సామాన్య భేదమూ వైశాల్యమూ ఇచ్చారు, భుజాలూ కోణాలూ కనుక్కోవాలి. భేదం 1, వైశాల్యం 6 అయితే ఎంతో చెప్పమన్నారు. జవాబు మన పాత మిత్రులే, 3, 4, 5. మూడు లెక్కల్లోనూ పదో తరగతి దాటిన విషయం దాదాపు లేదు. తెలిసినదాన్నే వేరే వైపు నుంచి పట్టుకోవాలి. ఈ పోటీల పద్ధతి నేటికీ అదే.

లెక్కతో సవాలు విసరడం అప్పుడు పుట్టినది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు ఒక వర్గసంఖ్యను 92తో హెచ్చించి ఒకటి కలిపితే మళ్ళీ వర్గసంఖ్యే రావాలని లెక్క ఇచ్చి, ఏడాదిలోగా చేసినవాడే గణకుడన్నాడు. 120 వర్గాన్ని 92తో హెచ్చించి 1 కలిపితే 1151 వర్గం వస్తుంది, సరిచూసుకోండి. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మన తెలుగు మాస్టార్ల పుణ్యమా అని వినే ఉంటారు. అవన్నీ పండితుల కోసం, లేదా గురువు దగ్గర కూర్చున్న శిష్యుల కోసం. దేశంలో ఏ బడిలో చదివిన పిల్లవాడైనా వచ్చి కూర్చుని రాయవచ్చునన్నది హంగేరీ వాళ్ళ కొత్త సంగతి.

పోటీ కంటే ముందే, అదే 1894 జనవరిలో, ఇంకొకటి మొదలైంది. నన్నడిగితే పోటీకన్నా అదే పెద్దది. గ్యోర్ అనే ఊళ్ళో డానియల్ అరాన్యి అనే హైస్కూలు టీచరు బడిపిల్లల కోసం ఒక లెక్కల మాసపత్రిక పెట్టాడు. నెలనెలా లెక్కలు ఇస్తారు, పిల్లలు జవాబులు రాసి పోస్టులో పంపుతారు, బాగా చేసినవాళ్ళ జవాబులు వాళ్ళ పేరుతో అచ్చవుతాయి. తరువాత్తరువాత మంచి సాధకుల ఫోటోలు కూడా వేశారు. పల్లెటూరి బడిలో ఒక్కడే కూర్చుని లెక్క చేసుకునే కుర్రాడికి ఇంకో ఊళ్ళో తనలాంటివాడు ఉన్నాడని తెలిసింది. ఆ పత్రిక రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆగి, మళ్ళీ మొదలై, ఇప్పటికీ నడుస్తోంది.

అరాన్యి తరువాత దాన్ని నడిపినవాడూ బడి టీచరే, బుడాపెస్ట్‌లోని ఒక లూథరన్ బడిలో లెక్కలు చెప్పే లాస్లో రాత్స్. ఫాన్ నాయ్‌మన్, యూజీన్ విగ్నర్ ఇద్దరూ ఆయన శిష్యులే. విగ్నర్‌కు 1963లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ముసలితనంలో ప్రిన్స్‌టన్‌లో ఎవరో ఆయన్ని, రాత్స్ గుర్తున్నారా అని అడిగితే, గదిలో గోడ మీదున్న ఫోటో చూపించాడు. టీచర్లుగా పని చేసినవాళ్ళం ఈ సంగతి చదివితే కాస్త సేపు పుస్తకం పక్కన పెడతాం.

ఎట్వెష్ పోటీలో నెగ్గినవాళ్ళ పట్టీ చూస్తే లిపోట్ ఫేయెర్, థియొడోర్ ఫాన్ కార్మాన్, ఆల్ఫ్రెడ్ హార్, గాబోర్ సేగో, ఎడ్వర్డ్ టెల్లర్ కనబడతారు. చిన్న దేశం, ఇంతమంది. అయితే ఈ పట్టీని ఇంతటితో ఆపి చదివితే అబద్ధం చదివినట్టే. వీళ్ళలో చాలామంది యూదు కుటుంబాల పిల్లలు. 1920లో హంగేరీ విశ్వవిద్యాలయాల్లో వాళ్ళ సంఖ్యకు కోత పెడుతూ చట్టం వచ్చింది. ఆ చట్టం ఉన్న రోజుల్లో జాతీయ పోటీలో నెగ్గడమంటే బహుమతి మాత్రమే కాదు, కాలేజీ తలుపు తెరుచుకోవడం. 1930లో పాల్ ఎర్డోష్ విశ్వవిద్యాలయంలో చేరగలిగింది అలాగే. నెగ్గనివాళ్ళ సంగతి ఏ సంచికలోనూ అచ్చు కాలేదు.

ఎర్డోష్ మిత్రబృందంలో ఎస్తేర్ క్లెయిన్ అనే అమ్మాయి, జార్జ్ సెకెరెష్ అనే అబ్బాయి ఉండేవారు. పత్రికలో లెక్కలు చేస్తూ పెరిగిన ఈ పిల్లలు బుడాపెస్ట్ పార్కులో ఒక విగ్రహం దగ్గర కలుసుకుని లెక్కలు చెప్పుకునేవారు. ఒకరోజు ఎస్తేర్ ఒక ప్రశ్న వేసింది. కాగితం మీద ఐదు చుక్కలు పెట్టండి, ఏ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. అందులో ఏవో నాలుగు చుక్కలు ఎక్కడా లోపలికి నొక్కుకోని చతుర్భుజం అయి తీరతాయి, ఎందుకు?

చుక్కల చుట్టూ రబ్బరు బ్యాండు వేసినట్టు ఊహించుకోండి. బ్యాండు నాలుగు మూలలో ఐదు మూలలో పట్టుకుంటే పని అయిపోయింది. మూడే పట్టుకుంటే అది త్రిభుజం, మిగతా రెండు చుక్కలూ లోపల ఉన్నాయి. ఆ రెండింటి గుండా గీత గీస్తే త్రిభుజం మూలల్లో రెండు గీతకు ఒకే పక్కన పడతాయి. ఆ రెండూ లోపలి రెండూ కలిస్తే కావలసిన చతుర్భుజం. ఆరో తరగతి పిల్లలకు బల్ల మీద చింతగింజలు పెట్టి చూపించాను, అర్థమైంది. ఐదు భుజాలకు, ఆరు భుజాలకు ఎన్ని చుక్కలు కావాలన్న ప్రశ్న మీద ఎర్డోష్, సెకెరెష్ కలిసి 1935లో వ్యాసం అచ్చు వేశారు. 1937లో జార్జ్, ఎస్తేర్ పెళ్ళి చేసుకున్నారు. అందుకే ఎర్డోష్ దానికి 'సుఖాంత సమస్య' అని పేరు పెట్టాడు. సుఖాంతానికి ముందు వాళ్ళు హంగేరీ విడిచి షాంఘైలో తలదాచుకోవలసి వచ్చింది. 1948లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ చేరారు. వాళ్ళ కథ ఇంకా ఉంది, మళ్ళీ వస్తాను.

ఇక అంతర్జాతీయ ఒలింపియాడ్. 1959లో రుమేనియాలో ఏడు దేశాలతో మొదలైంది. అన్నీ తూర్పు ఐరోపా కమ్యూనిస్టు దేశాలే, 52 మంది పిల్లలు. మొదటి లెక్క చూడండి. న ఏ సహజసంఖ్య అయినా 21న + 4 లవం, 14న + 3 హారంగా ఉన్న భిన్నాన్ని కుదించలేమని నిరూపించాలి. హారాన్ని మూడు రెట్లు చేసి, అందులోంచి లవానికి రెండు రెట్లు తీసేస్తే మిగిలేది 1. రెండింటినీ భాగించే సంఖ్య ఏదున్నా అది ఒకటినీ భాగించాలి. 1894లో నాలుగు రెట్లు చేసి కలిపినవాడి మనవడు 1959లో మూడు రెట్లలోంచి రెండు రెట్లు తీసేశాడు!

1967లో పశ్చిమ ఐరోపా దేశాలు కొన్ని వచ్చాయి, 1974లో అమెరికా వచ్చింది. 1980లో మాత్రం జరగలేదు. మనం ఆలస్యంగా లేచాం. అణుశక్తి శాఖ కింద 1983లో జాతీయ ఉన్నత గణిత మండలి ఏర్పడి, 1986లో జాతీయ ఒలింపియాడ్ మొదలుపెట్టి, 1989లో పశ్చిమ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కు తొలి జట్టును పంపింది. 1996లో ముంబయిలోనే ఆతిథ్యం ఇచ్చాం. 2024లో ఇంగ్లండులోని బాత్‌లో మన పిల్లలు నాలుగు స్వర్ణాలతో నాలుగో స్థానంలో నిలిచారు. ఇప్పుడు దేశానికి ఆరుగురు, రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు, లెక్కకు 7 మార్కులు.

రోజుకు మూడే లెక్కలని మన ప్రవేశ పరీక్షల బిట్ల మీద పెరిగిన పిల్లలకు చెబితే నమ్మరు. నిమిషానికో బిట్టు కొట్టడం కూడా నైపుణ్యమే, నేనూ నేర్పాను, దానివల్ల సీట్లు వచ్చినవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. కానీ బిట్టుకు జవాబు నాలుగింటిలో ఎక్కడో ఉందని ముందే తెలుసు. దారి దొరుకుతుందో లేదో తెలియకుండా గంటన్నర ఒకే కాగితం ముందు కూర్చోవడం వేరే పని. అది నేను నా క్లాసులో సరిగా నేర్పలేదు. సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో మా మాస్టారి గడిని మొదటి రెండేళ్ళలోనే మానేశాను.

ఇప్పుడు సెకెరెష్ దంపతుల దగ్గరికి. 1988లో ఒలింపియాడ్ ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో జరిగింది. పశ్చిమ జర్మనీ ఒక లెక్క పంపింది. య, క ధన పూర్ణసంఖ్యలు. వాటి వర్గాల మొత్తాన్ని, వాటి లబ్ధానికి ఒకటి కలిపిన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తే, వచ్చే భాగఫలం ఎప్పుడూ వర్గసంఖ్యే అని చూపాలి. 8, 2 తీసుకోండి. 68ని 17తో భాగిస్తే 4. 30, 8 తీసుకుంటే 964ని 241తో భాగించాలి, మళ్ళీ 4. లెక్కలు ఎంచే సంఘంలో ఆరుగురుంటే ఎవరివల్లా కాలేదు. ఆ ఆరుగురిలో ఇద్దరు జార్జ్, ఎస్తేర్. నలుగురు సంఖ్యాశాస్త్ర నిపుణులకు పంపి ఆరు గంటలు ఇస్తే వాళ్ళకూ కాలేదు. అయినా ధైర్యం చేసి ఆరో లెక్కగా ఇచ్చారు. పదకొండుమంది పిల్లలు పూర్తిగా చేశారు! ఆ ఏడాది స్వర్ణం తెచ్చుకున్న పదమూడేళ్ళ టెరెన్స్ టావోకు ఈ లెక్కలో వచ్చింది ఒక్క మార్కే. ఆయనకు తరువాత ఫీల్డ్స్ పతకం వచ్చింది.

కిటుకు మెట్లు దిగడం. భాగఫలాన్ని కదలనీయకుండా పట్టుకుంటే, పెద్ద సంఖ్యకు ఆ సమీకరణం వర్గ సమీకరణమవుతుంది. దానికి ఇంకో మూలం ఉండాలి. మూలాల మొత్తం నుంచి 30, 8 జతలో 30 స్థానంలో 4 ఎనిమిదులు 32 లోంచి 30 పోగా 2 వస్తుంది. జత 8, 2 అయింది. మళ్ళీ 4 రెళ్ళు 8 లోంచి 8 పోతే 0. జత 2, 0. ఒకటి సున్నా అయిందంటే భాగఫలం రెండోదాని వర్గమే, ఇక్కడ 2 వర్గం 4. కొత్త మూలం ప్రతిసారీ పూర్ణసంఖ్యే, పెద్దదానికంటే చిన్నదే, రుణసంఖ్య కాలేదు. దిగుతూ పోతే ఎక్కడో సున్నా దగ్గర ఆగక తప్పదు. మనం పదిలో చెప్పే మూలాల మొత్తం, లబ్ధం పాఠమే ఇది.

ఎస్తేర్ సిడ్నీలో బడిపిల్లల కోసం వారం వారం లెక్కల సమావేశాలు నడిపించింది. చివరి రోజుల్లో దంపతులిద్దరూ అడిలైడ్ తిరిగివచ్చారు. 2005 ఆగస్టు 28న గంట వ్యవధిలో ఇద్దరూ కన్నుమూశారు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు మన బడికి వెళ్ళి, ఇప్పటి లెక్కల మాస్టారి అనుమతితో తొమ్మిదో తరగతి బోర్డు మూలన గడి గీసి, 17 లెక్క రాసి వచ్చాను. బుధవారం ఆయన ఫోన్ చేశారు. వెనక వరసలో కూర్చునే ఒక అమ్మాయి నోటుబుక్కులో రెండు పేజీల నిండా సంఖ్యలు వేసి చూసి, చివర్లో "నాలుగు రెట్లు వేసి కలిపితే?" అని ప్రశ్నార్థకంతో రాసి తెచ్చిందట. సరేనా కాదా చెప్పమంటారా అని అడిగారు. శనివారం దాకా చెప్పవద్దన్నాను.