యంత్రం చేసిన పిస్తోలు: కోల్ట్ రివాల్వరుపై తొలి వాడుకరుల అభిప్రాయాలు – ఒక పరిశీలన

ప్రవేశిక

తుపాకుల చరిత్రను సాధారణంగా రెండు విధాలుగా రాస్తున్నారు. ఒకటి పేటెంట్ల చరిత్ర, రెండవది యుద్ధాల చరిత్ర. ఈ రెండింటి నడుమ ఎవరూ అంతగా పట్టించుకోని సందర్భం ఒకటి ఉంది. కర్మాగారంలో తయారై వచ్చిన చేతితుపాకిని మనిషి మొదటిసారి పట్టుకొని బరువు అంచనా వేయడం, హ్యామర్ ఎత్తి దించి చూడడం, గురి సరిచూసుకోవడం, ఆపైన దాని గురించి ఎవరికో ఉత్తరం రాయడం ఆ సందర్భం. అటువంటి ఉత్తరాలు సాంకేతిక చరిత్రకు విలువైన ఆధారాలు. అయితే అవి తటస్థమైన ఆధారాలు మాత్రం కావు. తయారీదారు కోరి రాయించుకున్నవీ, అమ్మకానికి ఉపయోగపడినవీ వాటిలో ఉన్నాయి. 19వ శతాబ్ది మధ్యకాలంలో సామ్యూల్ కోల్ట్ రివాల్వర్లపై వెలువడిన తొలి అభిప్రాయాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో 'తుపాకి' తురుష్క మూలం నుంచి, 'రివాల్వర్' ఇంగ్లీషు నుంచి వచ్చి చేరాయి. తిరగడం అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టిన ఈ రెండవ పేరులోనే ఆయుధం లక్షణం ఉంది. మందూ గుండూ దట్టించిన అరలు గల సిలిండర్ ఒక్కో దెబ్బకూ ఒక్కో అర చొప్పున తిరిగి గొట్టానికి ఎదురుగా నిలుస్తుంది. ఒక్కసారి పేలిస్తే మళ్లీ దట్టించవలసిన పాత పిస్తోలుకూ దీనికీ భేదం అక్కడే ఉంది.

వాకర్ ఉత్తరం

కోల్ట్ 1836లో అమెరికా పేటెంటు పొంది, న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్యాటర్సన్‌లో తయారీ మొదలుపెట్టాడు. అయిదు గుండ్ల ఈ పిస్తోలును ఆనాటి అమెరికా సైన్యం పెద్దగా ఆదరించలేదు. 1842 నాటికి కంపెనీ మూతపడింది. అయితే, అప్పటికి స్వతంత్ర దేశంగా ఉన్న టెక్సస్ తన నౌకాదళం కోసం 1839లో 180 పిస్తోళ్లు కొన్నది. అవి కొంతకాలానికి జాక్ హేస్ నాయకత్వంలోని రేంజర్ల చేతికి వచ్చాయి. 1844 జూన్‌లో వాకర్స్ క్రీక్ వద్ద కొద్దిమంది రేంజర్లు తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ సంఖ్యలో ఉన్న కొమాంచీ యోధులతో తలపడినప్పుడు ఈ పిస్తోళ్లు వాడారు. రేంజర్ ఒకసారి పేల్చి మళ్లీ మందు దట్టించుకునేలోగా కొమాంచీ రౌతు వరసగా బాణాలు వేయగలిగేవాడు. ఆ విరామం మీదనే అంతవరకూ కొమాంచీల యుద్ధతంత్రం ఆధారపడి ఉండేది. వాకర్స్ క్రీక్ పోరుతో ఆ విరామం పోయింది.

ఆ పోరులో బల్లెం పోటు తిన్న సామ్యూల్ వాకర్ 1846 నాటికి, మెక్సికో యుద్ధకాలంలో, అమెరికా సైన్యంలో కెప్టెన్. దివాలా తీసి ఉన్న కోల్ట్ అతని అభిప్రాయం కోరుతూ తానే ముందుగా ఉత్తరం రాశాడు. 1846 నవంబర్ 30న వాకర్ ఇచ్చిన జవాబు ఆయుధ చరిత్రకారులందరూ ఉదాహరించేదే. పదిహేను మంది దాదాపు ఎనభై మంది కొమాంచీలను ఎదుర్కొన్నామనీ, ఈ పిస్తోళ్లు లేకుంటే అటువంటి సాహసానికి పూనుకునే ధైర్యం ఉండేది కాదనీ, కొన్ని మెరుగులు దిద్దితే ఆశ్వికదళానికి ఇంతకు మించిన ఆయుధం ఉండదనీ ఆ జవాబు సారాంశం. ఈ చివరి వాక్యంలోని షరతును గమనించాలి. ఉత్తరాన్ని ఉదాహరించేవారు పొగడ్తను ఎత్తిచూపినంతగా ఈ షరతును ఎత్తిచూపరు. నిజానికి దాని నుంచే కొత్త ఆయుధం పుట్టింది.

1847 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రభుత్వం ఒక్కొక్కటి 25 డాలర్ల చొప్పున 1000 పిస్తోళ్లు కోరింది. కోల్ట్‌కు అప్పటికి సొంత కర్మాగారం లేనందున కనెక్టికట్‌లోని ఎలై విట్నీ కుమారుని కర్మాగారంలో వాటిని చేయించాడు. ఆరు గుండ్లు, తొమ్మిది అంగుళాల గొట్టం, నాలుగు పౌన్ల తొమ్మిది ఔన్సుల బరువు గల ఆ ఆయుధం నడుముకు కట్టుకునేది కాదు, గుర్రపు జీనుకు తగిలించుకునేది. సిలిండర్ మీద రేంజర్లు కొమాంచీలను తరుముతున్న దృశ్యం చెక్కి ఉంటుంది. ఒక కొనుగోలుదారుని అనుభవం అతని ఉత్తరంలో నుంచి సరుకు మీదికి ఎక్కి అలంకారమైంది. ఆ అనుభవానికి రెండో పక్షమైన కొమాంచీల అభిప్రాయాన్ని ఎవరూ ఉత్తరం రాసి అడగలేదు. బొమ్మలో వారికి దక్కింది పారిపోయేవారి స్థానమే.

కోల్ట్ కానుకగా పంపిన జత 1847 అక్టోబర్ మొదటి రోజుల్లో వాకర్‌కు మెక్సికోలో అందింది. చూసిన అధికారులందరూ మెచ్చుకుంటున్నారని అతడు సోదరునికి రాశాడు. కొద్దిరోజులకే, అక్టోబర్ 9న, హువామంట్లా పోరులో మరణించాడు. కాబట్టి ఆ మెప్పు అచ్చంగా తొలిచూపు మెప్పు. దీర్ఘకాలం వాడిన మీదట వచ్చినది కాదు. దీర్ఘకాలం వాడినవారి అనుభవం వేరుగా ఉంది. మందు ఎక్కువైనా, గుండును తిరగేసి దట్టించినా కొన్ని సిలిండర్లు పగిలిపోయేవి. మందు దట్టించే మీట పేలుడు అదురుకు ఊడి కిందికి వేలాడి తరువాతి దెబ్బకు అడ్డుపడేది. సైనికులు దాన్ని తోలుతాడుతో గొట్టానికి కట్టుకునేవారు. 1848 నుంచి వచ్చిన డ్రగూన్ నమూనాలో గొట్టాన్నీ సిలిండర్‌నూ కురచ చేసి, మీటకు గట్టి పట్టు అమర్చారు. తోలుతాడు కట్టిన సిపాయి ఉత్తరం రాయలేదు గాని, ఆ మార్పులో వాకర్‌కు ఎంత భాగం ఉందో అతనికీ అంత ఉందని నా అభిప్రాయం.

లండన్‌లో యంత్రవాదం

1851 లండన్ మహాప్రదర్శనలో కోల్ట్ తన రివాల్వర్లను వరసలు కట్టి ప్రదర్శించాడు. ఒకే అచ్చున పోసినట్లున్న ఆ వరసలే అతని వాదం. అదే ఏడాది నవంబర్ 25న సివిల్ ఇంజనీర్ల సంస్థలో, తిరుగుడు తుపాకుల తయారీకి యంత్రాలను వాడడం గురించి ప్రసంగించాడు. 1853లో థేమ్స్ ఒడ్డున పిమ్లికోలో కర్మాగారం తెరిచాడు. చార్లెస్ డికెన్స్ సంపాదకత్వంలోని 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రిక 1854లో ఆ కర్మాగారాన్ని వర్ణించింది. బలిష్ఠులైన కమ్మరులు చేయవలసిన పనిని అక్కడ అమ్మాయిలు చేస్తుండడం, తుపాకి పని ముందెన్నడూ ఎరుగని వడ్రంగుల వంటివారు కూలి సంపాదించుకోవడం ఆ వ్యాసకర్తకు ఆశ్చర్యం కలిగించాయి. బర్మింగ్‌హామ్ తుపాకి పనివారికి అది ఆశ్చర్యం కాదు, అన్నం ముద్దకు సంబంధించిన విషయం.

అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చిన్న ఆయుధాల తయారీపై విచారణ సంఘం వేసింది. ఆవిరి సుత్తి నిర్మాత జేమ్స్ నాస్మిత్ దాని ముందు సాక్ష్యమిస్తూ, కోల్ట్ కర్మాగారం చూడగానే కలిగిన మొదటి భావం తన గర్వం అణగిపోవడమేనని చెప్పాడు. తమకు తెలిసిన సూత్రాలనే అక్కడ అంత విస్తారంగా, అంత నేర్పుగా అమలు చేయడం చూసి తామెంత వెనుకబడ్డామో తెలిసిందన్నాడు. కాని పిమ్లికో పనులు పర్యవేక్షించి బయటికి వచ్చిన గేజ్ స్టిక్నీ అదే సంఘం ముందు మరోమాట చెప్పాడు. యంత్రం నుంచి వచ్చిన భాగాలు ఉన్నవి ఉన్నట్లు ఒకదానిలో ఒకటి ఇమడవని అతని వాదం. సందర్శకునికి యంత్రాలు కనిపించాయి, లోపల పనిచేసినవానికి ఆకురాళ్లు కనిపించాయి.

ఈ వివాదంలో నేను స్టిక్నీ పక్షం. అందుకు ఆధారం ఆయుధం మీదనే ఉంది. కోల్ట్ రివాల్వరు గొట్టం, చట్రం, సిలిండర్, మీట వంటి ముఖ్య భాగాలన్నిటి మీదా ఒకే క్రమసంఖ్య ముద్రించి ఉంటుంది. ఏ సిలిండర్ అయినా ఏ చట్రంలోనైనా ఇమిడేటట్లయితే ఆ జాగ్రత్త అవసరం లేదు. ఒక పిస్తోలుకు ఆకురాయితో రాసి సరిచేసిన భాగాలు మరొకదానిలో కలిసిపోకుండా ఉండేందుకే ఆ అంకె. డేవిడ్ హౌన్షెల్ వంటి సాంకేతిక చరిత్రకారులు కూడా కోల్ట్ చెప్పినంత పరస్పర వినిమయం ఆ కర్మాగారంలో సాధ్యం కాలేదనే నిర్ధారించారు. కొన్నవాని తొలిచూపుకు అంకె కంపెనీ ఘనతకు చిహ్నంగా తోచి ఉండవచ్చు. నిజానికి అది చేతిపని వదిలిన గుర్తు.

ఇంగ్లండులో కోల్ట్‌కు పోటీగా నిలిచినవాడు రాబర్ట్ ఆడమ్స్. అతని రివాల్వరులో హ్యామర్‌ను ప్రతిసారీ బొటనవేలితో ఎత్తనక్కరలేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. క్రిమియా యుద్ధంలో, 1854 నవంబర్ నాటి ఇంకర్‌మాన్ పోరులో శత్రువులు చుట్టుముట్టినప్పుడు హ్యామర్ ఎత్తవలసి వచ్చి ఉంటే తన ప్రాణం పోయేదని 88వ రెజిమెంటు అధికారి క్రాస్ ఆ తయారీదార్లకు రాశాడు. వాకర్ ఉత్తరానికీ దీనికీ పోలిక స్పష్టం. ప్రాణాలతో బయటపడినవాడే ఉత్తరం రాస్తాడు. ఆయుధం మొరాయించి మరణించినవాని అభిప్రాయం ఏ తయారీదారునికీ చేరదు. తొలి అభిప్రాయాల రాశిలో ప్రశంస పాలు ఎక్కువగా ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

భారతదేశం: అంకెకు మరో ఉపయోగం

1857 నాటికి భారతదేశంలోని ఆంగ్ల అధికారులు కోల్ట్, ఆడమ్స్ రివాల్వర్లను సొంత సొమ్ముతో కొనుక్కొని వాడుతున్నారు. సిపాయికి మాత్రం రివాల్వరు ఇవ్వలేదు. 1878 నాటి ఆయుధ చట్టం ఈ వ్యత్యాసానికి శాసనరూపం ఇచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకోరాదు, ఐరోపావారికి మినహాయింపు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఈ చట్టంపై తీర్మానం చేసింది. కొత్త పిస్తోలు కొని పరీక్షించి, బాగోగులు నిస్సంకోచంగా రాయడం ఒక హక్కుకు సంబంధించిన విషయం కూడా. ఆ హక్కు లేనిచోట ఆ సాహిత్య ప్రక్రియ పుట్టదు. తెలుగులో అటువంటి రచన కనిపించకపోవడాన్ని ఆసక్తి లోపంగా కాక ఈ చట్టం నేపథ్యంలో చూడడం సమంజసం.

లైసెన్సు దొరకనివారికి కర్మాగారపు పిస్తోలు మరోదారిన అందింది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన దిగుమతి సరుకులో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు బెంగాల్ విప్లవకారుల చేతికి చిక్కాయి. వాటి కొయ్య పెట్టెను పిడికి తగిలిస్తే భుజానికి ఆనించి కాల్చవచ్చు. 44 పిస్తోళ్లు వెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు పంపిణీ అయ్యాయనీ, ఆ తరువాత 54 సంఘటనల్లో వాటిని ఉపయోగించారనీ 1918 నాటి రౌలట్ సంఘం నివేదిక పేర్కొంది. ఆ నివేదిక నాటికి 31 పిస్తోళ్లు ప్రభుత్వానికి తిరిగి దొరికాయి. దొరికినది రోడా సరుకేనా కాదా అని తేల్చడానికి పోలీసులకు పనికివచ్చినది తయారీదారు ముద్రించిన అంకె. కంపెనీ తన చిట్టాలో ఆ అంకెలన్నీ రాసి ఉంచుకుంది.