జయపురం కొలువు చెదిరిన కథ

1931లో విక్రమదేవ వర్మ జయపురం గద్దె ఎక్కేనాటికి ఆయనకు అరవై రెండేళ్లు. మనవల్ని ఎత్తుకు తిరిగే వయసులో రాజ్యభారం నెత్తిన పడింది. అంతకుముందు రాజు రామచంద్ర దేవ్ వారసుడు లేకుండా కన్నుమూస్తే, అప్పటిదాకా విశాఖపట్నంలో పుస్తకాల మధ్య, పండితుల మధ్య కాలం గడిపిన పెద్దాయనకు కొండమీద నుంచి పిలుపు వచ్చింది. తెలుగు, ఒడియా, సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు వచ్చిన మనిషి. తెలుగులోనూ ఒడియాలోనూ కావ్యాలు, నాటకాలు రాసినవాడు. సాహిత్య సమ్రాట్ అన్న బిరుదు ఆయనకు అలంకారం కోసం తగిలించింది కాదు. అటువంటి రాజు దొరికిన కొలువు ఎన్ని తరాలు వెలుగుతుందో అనుకుంటాం. ఇరవై రెండేళ్లు కూడా నిలవలేదు.

నేటి కోరాపుట్, రాయగడ జిల్లాలు ఆనాడు విశాఖపట్నం జిల్లాలోవి. అందులో చాలా భాగం జయపురం సంస్థానానిదే. నందపురంలో మొదలైన వంశం పదిహేడో శతాబ్దంలో రాజధానిని జయపురానికి మార్చింది. పైన రాజుగారి ఇంటి మాట ఒడియా. కొండల్లో కువి, పరజ, గదబ, సవర మాటలు. తెలుగు సాలూరు ఘాటీ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా వచ్చింది. బళ్లమీద ఉప్పు, బట్ట వేసుకొచ్చిన కోమట్లతో వచ్చింది. కచేరీలో లెక్కలు రాసే గుమాస్తాలతో, బడిపంతుళ్లతో, పంచాంగం చంకన పెట్టుకొచ్చిన పురోహితులతో వచ్చింది. పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ దాకా రైలుదారి పూర్తయింది కూడా ఆ 1931లోనే. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా వచ్చిందీ అదే ఏడు. ఇన్ని మంచి శకునాలు ఒక్కసారి కలిసొచ్చిన సంవత్సరం ఆ కొండలకు మళ్లీ రాలేదు.

ఆ విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టింది, 1930లో వాల్తేరు చేరింది. పేరు ఘనమే గాని చేతిలో డబ్బు లేదు. సైన్సు చెప్పాలంటే ప్రయోగశాలలు కావాలి, పరికరాలు కావాలి. అప్పుడు జయపురం మహారాజు ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నారు. ఒక్కసారి ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోయే దానం కాదది. ఏటేటా, సంస్థానం ఖజానా నుంచి, కొండదిగి సముద్రం ఒడ్డుకు పోయే సొమ్ము. ఆ రోజుల్లో లక్ష అంటే ఒక కాలేజీ నడుస్తుంది. అందుకే అక్కడి సైన్సు, టెక్నాలజీ కాలేజీకి జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు. ఆ విశ్వవిద్యాలయానికి ప్రోఛాన్సలర్‌గా కూడా ఉన్నారాయన. కోస్తాలో ఎన్నో ఇళ్లలో మొదటి సైన్సు పట్టభద్రుడు ఆ గదుల్లోంచి బయటికొచ్చాడు. ఆ ఇళ్లవాళ్లలో ఇవాళ జయపురం ఎటువైపు ఉందో చెప్పగలిగినవాళ్లు ఎందరు?

కొలువు చెదరడం పటం మీద గీతతో మొదలైంది. ఒడియా మాట్లాడేవాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న కోరిక పాతదే. ఓడొనెల్ కమిటీ వచ్చింది, సరిహద్దులు తేల్చడానికి తిరిగింది. 1933 శ్వేతపత్రం జయపురాన్ని కొత్త రాష్ట్రంలో కలపలేదు. ఆ మరుసటేడు పార్లమెంటు సంయుక్త కమిటీ దాన్ని తిరిగి చేర్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, జయపురం అటు వెళ్లింది. అలా వెళ్లాలని కోరుకున్నవారిలో విక్రమదేవ వర్మ స్వయంగా ఉన్నారు. దీన్ని తెలుగువాళ్లు ద్రోహంగా చూడకూడదు. ఒడియా ఆయనకు తల్లిభాష, తెలుగు ఆయన ప్రేమించి చేరదీసుకున్న భాష. రెండూ ఒకే అరుగుమీద కూర్చోగలవని నమ్మారు, తన కొలువులో కూర్చోబెట్టారు కూడా. ఆ నమ్మకం ఆయనతోనే పోవడం ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే సంగతి. రాష్ట్రం మారాక కూడా వాల్తేరుతో ఆయన బంధం తెంచుకోలేదు. కాని కచేరీ భాష మారింది, బడి భాష మారింది. గుమాస్తా కొడుకు గుమాస్తా అయ్యే దారి కటకం వైపు తిరిగింది.

పొరుగున పర్లాకిమిడిలో అదే ఏడు ఇంకో ఇల్లు ఖాళీ అయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు అప్పటికి డెబ్భై దాటినవారు. సవరల మాట నేర్చుకుని, వాళ్లకు వాచకాలు రాసి, బళ్లు పెట్టించి, జీవితమంతా అక్కడే ధారపోశారు. గుణుపురం వైపు కొండల్లో ఉండే సవరలదీ అదే భాష. పర్లాకిమిడి ఒడిశాలో కలవగానే ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన సవర నిఘంటువు ఆ తర్వాత రెండేళ్లకు, 1938లో అచ్చయింది. 1940లో ఆయన పోయారు. నిఘంటువు ఏ జనం కోసమో ఆ జనం కొండమీద ఉండిపోయారు, రాసిన మనిషి వాళ్లకు దూరంగా కన్ను మూశాడు.

1947లో జయపురంలో విక్రమదేవ కాలేజీ వెలిసింది. మహారాజుకు అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్లు. 1951 ఏప్రిల్ 14న ఆయన కాలం చేశారు. గద్దె రామకృష్ణ దేవ్‌కు వచ్చింది గాని గద్దె కింద నేల లేదు. ఒడిశా ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1952 ముగిసేలోగా జయపురం ఎస్టేటు ప్రభుత్వపరమైంది. శిస్తు ఆగింది. శిస్తు ఆగితే పండితుడికి సంభావన ఆగుతుంది, ఆస్థాన కవికి పిలుపు ఆగుతుంది, సంగీత విద్వాంసుడు సాలూరు ఘాటీ ఎక్కే పని ఉండదు.

జమీందారీ పోకూడదని నేననను. ఆ లక్ష రూపాయలు ఎవరి చేతుల్లోంచి వచ్చాయో కూడా చెప్పుకోవాలి. 1945లో, మహారాజు ఇంకా గద్దెమీద ఉండగానే, గోపీనాథ్ మహంతి ‘పరజ’ నవల రాశారు. ఆయన కోరాపుట్ కొండల్లో ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి. అప్పు కింద గోతీగా, అంటే వెట్టి పాలేరుగా కట్టుబడి, ఏళ్లకేళ్లు షావుకారు పొలంలో అరిగిపోయిన పరజ కుటుంబం కథ అది. కొండ చెమటోడ్చింది, కోస్తా చదువుకుంది. 2011 జనాభా లెక్కల్లో కోరాపుట్ జిల్లా అక్షరాస్యత 49.21 శాతం, రాయగడది 49.76. విశ్వవిద్యాలయాన్ని పోషించిన నేలమీద, ఎనభై ఏళ్లు గడిచాక కూడా, సగం మందికి అక్షరం అందలేదు. కొలువు కూలినందుకు ఒక కంట నీరు పెడితే రెండో కంట ఇందుకు పెట్టాలి.

కొండవాళ్ల కళ మాత్రం కొలువుతో కూలలేదు. చైత్రమాసంలో చైత పరబ్ వస్తే ఊరూరా ఢెంసా కడతారు. ఢోలు మోగుతుంది, మొహురి ఊదుతారు, ఆడవాళ్లు ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా కదులుతారు. దానికి ఏ రాజూ సంభావన ఇవ్వలేదు, కాబట్టి ఏ చట్టమూ దాన్ని ఆపలేదు. తెలుగు చదువు అక్కడ ఒక్క పెద్ద ఇంటినే నమ్ముకుంది. కచేరీ, కొలువు, రాజుగారి దయ పోయాక పట్టుకోవడానికి కొమ్మ మిగల్లేదు. ఒడియా నుంచి మనకు అందినదాంట్లో మంచి భాగం కొండకింది సాలూరులో పుట్టిన పురిపండా అప్పలస్వామి చేతిమీదుగా వచ్చింది. కోరాపుట్ కొండల్లో కోందుల బతుకు చెప్పిన మహంతి ‘అమృత సంతానం’ ఆయన వల్లే తెలుగైంది. అటువంటి వంతెన కట్టేవాళ్లు జయపురంలో, రాయగడలో తరానికొకరైనా పుట్టాల్సింది. రెండు భాషలూ ఇంట్లోనే ఉన్న నేల అది.

రాయగడ బజారులో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. కూరగాయల బేరం తెలుగులో, డబ్బు లెక్క ఒడియాలో, తిట్టు రెండింట్లో. ఒక ఇంట పెళ్లిలో చూశాను. మంగళహారతి పాడుతున్న పెద్దమ్మగారి చేతిలో పాతబడిన నోటుపుస్తకం, అంచులకు పసుపు అంటింది. పాట అచ్చమైన ఉత్తరాంధ్ర తెలుగు, రాగం కూడా మా ఊళ్లలోదే. పుస్తకంలో రాసుకున్నది మాత్రం ఒడియా అక్షరాల్లో, గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా. మాటను నోట్లో దాచుకుంది, అక్షరం బడిలో దొరకలేదు. ఆమె కోడలు పక్కనుంచి వంతపాడుతోంది, తప్పు పోకుండా.

విక్రమదేవ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయం అయింది. కోరాపుట్‌లో 2009 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది. చేయవలసిన పనికి ఇప్పుడు మహారాజు అక్కర్లేదు. విక్రమదేవ వర్మ తెలుగులో రాసిందీ ఒడియాలో రాసిందీ కలిపి ఒక్కచోట అచ్చువేయాలి, ఆ పెద్దమ్మగారి నోటుపుస్తకంలాంటివి ఇల్లిల్లూ తిరిగి సేకరించాలి, సాయంత్రం పూట పిల్లలకు ‘అ ఆ’లు దిద్దించే పంతులొకరు రాయగడలో, గుణుపురంలో, జయపురంలో ఉండాలి. ఇందులో మొదటి పనికి ముందు నడవాల్సింది వాల్తేరు. ఏటా లక్ష చొప్పున తీసుకున్న బాకీ అది.